మాట్లాడని వారి మార్కులు: శ్రీమతి పొట్నూరు రమణి గారి అధ్యాపక ప్రస్థానం

1992 ఆగస్టు పదిహేడవ తేదీ సోమవారం ఉదయం, ఘాట్ రోడ్డు మలుపులకు విరుగుడుగా గుప్పిట్లో నిమ్మకాయ పట్టుకుని బస్సు దిగి, అరకు లోయలోని మా జూనియర్ కళాశాలలో వాణిజ్యశాస్త్ర అధ్యాపకురాలిగా శ్రీమతి పొట్నూరు రమణి గారు విధులలో చేరారు. అంతకుముందు పదేళ్ళు కురుపాంలో పనిచేసినవారు కనుక వారికి ఏజెన్సీ ప్రాంతం కొత్త కాదు. ఇక్కడి చలి మాత్రం కొత్త. పదహారేళ్ళ సేవానంతరం ఈ జూన్ ముప్పైన పదవీ విరమణ చేస్తున్న ఆ విదుషీమణిని గూర్చి నాలుగు మాటలు రాసే అవకాశం, అర్థశాస్త్ర విభాగంలో వారి పక్క బల్లవాడినైన నాకు దక్కడం నా భాగ్యం.

1995లో మా కళాశాలకు వృత్తివిద్యా వాణిజ్య కోర్సు మంజూరైనప్పుడు, పాఠ్యపుస్తకాలు రాకముందే రమణి గారు తమదైన బోధనాపద్ధతి ఒకటి రూపొందించుకున్నారు. విద్యార్థులను ఐదుగురు చొప్పున ఊహా కంపెనీలుగా విభజించేవారు. రాబోయే శుక్రవారం సంతలో తమ కంపెనీ పసుపు కొనాలా, చింతపండు కొనాలా, కందులు కొనాలా అన్నది ప్రతి బుధవారం ఒక్కో జట్టు చర్చించి ప్రకటించాలి. శుక్రవారం ఆవిడే స్వయంగా సంతంతా తిరిగి, సరుకు ఎంత దిగిందో, ధర ఎలా పలికిందో రాసుకొచ్చి, ఏ కంపెనీ నిలిచిందో, ఏది మునిగిందో సోమవారం తేల్చేవారు.

"పిల్లలచేత బొమ్మలాట ఆడిస్తున్నారా మేడం?" అని నేను పరిహసించిన సందర్భాలున్నాయి.

"ఆటేనండి భాస్కర్ గారూ. ఇక్కడ ఓడిపోతే ఎవరి కొంపా మునగదు కదా," అనేవారు.

ప్రయోగ పరీక్ష యాభై మార్కులలో సగం జట్టు ఫలితానికి, తక్కిన సగం ఒక్కొక్కరి కృషికి, చర్చలో పాల్గొన్న తీరుకు కేటాయించారు. లేచి మాట్లాడిన ప్రతిసారీ రిజిస్టరులో ఆ విద్యార్థి పేరుకెదురుగా ఒక గీత పడేది. సంవత్సరాంతంలో గీతలే మార్కులు. ఆ విధానంలో పక్షపాతానికి చోటు లేదని వారి దృఢ విశ్వాసం. సిఫారసుతో వచ్చిన పెద్దమనుషులకు ఆ రిజిస్టరు తెరిచి చూపించి, టీ ఇచ్చి పంపేవారు.

1998 ఫిబ్రవరిలో ఆ విశ్వాసానికే పరీక్ష ఎదురైంది. ఆ ఏటి మార్కుల జాబితా ప్రిన్సిపాల్ గారికి అందజేసిన మర్నాడు, బజారులో కిరాణా దుకాణం నడిపే కుటుంబం నుంచి వచ్చిన శివకుమార్ అనే విద్యార్థి స్టాఫ్ రూముకు వచ్చాడు. ఒక్కొక్కరి కృషికి కేటాయించిన ఇరవై అయిదులో తరగతిలో అందరికన్నా ఎక్కువగా ఇరవై మూడు మార్కులు వచ్చింది అతనికే. అతని జట్టులోని కొర్రా గంగ అనే కొండ ఊరి అమ్మాయికి వచ్చినవి నాలుగు. జట్టు మార్కులు ఎన్ని వచ్చినా, ఈ సగంలో విడిగా తొమ్మిది రాకపోతే ప్రయోగ పరీక్ష తప్పినట్టే. తప్పితే హాస్టల్ సీటు పోతుంది, చదువు అక్కడితో ఆగిపోతుంది.

"మేడం, జనవరిలో మేం కందులు వద్దన్నాం కదండీ. సరుకు దిగక, ధర పెరిగిపోయి మిగతా కంపెనీలన్నీ మునిగిపోయినాయి, మేం ఒక్కళ్ళమే నిలిసాం. ఆ మాట నాది కాదండి. గంగ సెప్పింది. నేను లేచి పైకి సెప్పాను, అంతే."

రమణి గారు గంగను పిలిపించారు. కందులు వద్దని ఎలా చెప్పగలిగావని అడిగారు.

"కందికొత్త పండగ అవలేదు మేడం. పండగ అవకుండా మావోళ్ళు కొత్త కందులు తినరు, అమ్మరు. సంతకి ఎలాగ దిగుతాయి?"

"మరి నువ్వే లేచి చెప్పొచ్చు కదమ్మా."

గంగ తల వంచుకుంది. "నా ఊసు విని నవ్వుతారు మేడం. శివకుమారుకైతే బేగి మాట వస్తాది."

ఆ సాయంత్రమే రమణి గారు ప్రిన్సిపాల్ గారిని కలిసి జాబితా వెనక్కి ఇమ్మని కోరారు. అందజేసిన మార్కులు దిద్దడం చిన్న విషయం కాదు. సంజాయిషీ మెమో వచ్చింది. రాతపొరపాటు జరిగిందని ఒక్క ముక్క రాసిస్తే గొడవ సద్దుమణుగుతుందని సలహా చెప్పినవాడిని నేనే. ఆవిడ నా మాట వినలేదు. "లేచి మాట్లాడినవారిని మాత్రమే నేను విన్నాను. మూల్యాంకనంలో దోషం నాది" అని సంతకం చేసి ఇచ్చారు. ప్రిన్సిపాల్ గారు గడువు చివరి రోజున సవరణను అంగీకరించారు గానీ, హెచ్చరికను సర్వీసు రిజిస్టరులో నమోదు చేయక తప్పలేదు. గంగ ఉత్తీర్ణురాలైంది. నేడు ఆమె ఒక కాఫీ రైతుల సంఘానికి కార్యదర్శి. సంతలో వ్యాపారులతో బేరాలు ఆమే మాట్లాడుతున్నది.

అంతటితో ఊరుకొని ఉంటే ఈ వ్యాసం ప్రశంసగానే ముగిసేది. "గంగ సంగతి శివకుమార్ చెప్పాడు. ఎవరూ చెప్పనివాళ్ళ మాటేంటండీ?" అంటూ ఆవిడ పాత రిజిస్టర్లు తిరగేశారు. 1996లో ఐదు గీతలతో తప్పి వెళ్ళిపోయిన తవిటమ్మ పేరు కనిపించింది. ఆ వేసవిలో నన్ను వెంటబెట్టుకుని, బస్సు ఆగిన చోటు నుంచి మూడు గంటలు నడిచి ఆ అమ్మాయి ఊరు చేరారు. తవిటమ్మ చంకలో బిడ్డతో ఎదురొచ్చింది. మళ్ళీ పరీక్షకు కట్టిస్తానని, పుస్తకాలు తానే ఇస్తానని రమణి గారు ఎన్ని విధాలుగానో చెప్పారు.

"అప్పుడు అడగనేదు మేడం," అంది తవిటమ్మ, కోపమేమీ లేకుండానే. "ఇప్పుడు అడిగితే ఏటి సెప్పను?"

మాకు మంచినీళ్ళిచ్చి, ఊరి చివరిదాకా వచ్చి సాగనంపింది.

మరుసటి ఏడు తరగతి స్వరూపమే మారిపోయింది. ప్రతి నిర్ణయం ఎవరి ఆలోచనో జట్టంతా కలిసి పుస్తకంలో రాయాలి. చర్చ కొండ భాష కువిలో సాగినా ఒడియాలో సాగినా సమ్మతమే. మార్కులు వేసేముందు ప్రతి విద్యార్థితోనూ పది నిమిషాలు విడిగా కూర్చునేవారు. 2003లో జి.మాడుగుల, కొయ్యూరు నుంచి అధ్యాపకులు ఈ పద్ధతిని చూసి వెళ్ళారు. వచ్చినవారికి మేడం మొదట చెప్పింది తవిటమ్మ కథ. గంగ కథ వారు అడిగితేనే చెప్పారు.

రెండు నిమిషాలు ఆలస్యమైన సహోద్యోగిని గడియారం వంక చూసి పలకరించే కాఠిన్యం వారిది. దాని రుచి మాలో చూడనివారు లేరు. వారాంతాల్లో మాత్రమే ఇల్లు చేరే ఇల్లాలిని ఇన్నేళ్ళు ఓర్పుతో మాకు అప్పగించిన వారి భర్త శ్రీనివాసరావు గారికి, కుమార్తె చిరంజీవి స్వాతికి మా కృతజ్ఞతలు.

వచ్చే బుధవారం నుంచి ఆ తరగతి నాకు అప్పగించారు. ఎలా నెగ్గుకురావాలని అడిగితే, "ముందు వెనక బల్లల దగ్గరికెళ్ళి కూర్చోండి," అన్నారు. అలాగే కూర్చుంటాను మేడం. మీ కాళ్ళలో కొండ ఎక్కే సత్తువ, కళ్ళలో చదువుకునే వెలుగు చిరకాలం చెక్కుచెదరకుండా, మనవల ఊసులు వింటూ మీరు నిండుగా, నిశ్చింతగా వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను.

— చింతాడ భాస్కర్, అర్థశాస్త్ర అధ్యాపకుడు