ఎద్దును ఎగరేసిన స్పాంజి గుంత

గఫూర్ సాబ్ నోరు తెరిస్తే యూనుస్ టీ అంగట్లో పాలు కూడా పొంగడం మాని వింటాయని ఆదోనిలో ఒక మాట ఉండేది. ఆ మాట పుట్టించింది కూడా గఫూర్ సాబే. పరుపులు కుట్టే మనిషి. దూది ఏకడంలో, పరుపు కూరడంలో ఆయన చేతికి ఎదురు లేదు. కాకపోతే చేతికంటే నోరే ఎక్కువ కష్టపడేది.

ఎనభై నాలుగులో ఒక శనివారం సాయంత్రం మారెమ్మ ఆ అంగడి ముందుకు వచ్చి నిలబడింది. జిన్నింగు మిల్లులో కూలి. తలలో ఇంకా పత్తి నూగు ఉంది. చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది. హైస్కూలు డ్రిల్లు మాస్టరు అబ్రహాం సారు పంపిన కాగితం అది. మారెమ్మ కూతురు ఉరుకుందమ్మ ఇనుప కడ్డీ పట్టుకుని ఊగి గాల్లో పల్టీలు కొట్టడం నేర్చుకుంటోంది. కర్నూలు పోటీలకు పోవాలంటే సోమవారం నుంచి పెద్ద పల్టీలు సాధన చేయాలి. పడితే దెబ్బ తగలకుండా బడి వెనక గుంత తవ్వించి స్పాంజి ముక్కలు నింపించారు. ఒప్పుకుంటున్నానని ఆ కాగితం మీద తల్లి వేలిముద్ర వేస్తేనే పిల్ల దూకేది. ఆ గుంత చేసింది గఫూర్ సాబ్.

మెత్తదనం మీద మారెమ్మకు నమ్మకం పోయి మూడేండ్లయింది. ఆమె మొగుడు శేషన్న మిల్లులో పత్తి బేళ్ళ మీద నుంచి జారి, కిందున్న పత్తి బేళ్ళ మీదే పడ్డాడు. పత్తే కదా అన్నారు అందరూ. తుంటి విరిగింది. నొక్కి కట్టిన పత్తి రాయితో సమానమని అమ్ముకునేవాళ్ళకు తెలియదు, మోసేవాళ్ళకు తెలుసు.

"సాబూ, ఒకే మాట అడగనీకి వచ్చినా. ఆ గుంతలో దూకితే కాలికి అడుగు తగుల్తాదా, తగల్దా?"

ఒక్క ముక్కలో తేలిపోయే ప్రశ్న. అయినా గఫూర్ సాబ్ ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. అంగడి పక్క అరుగు మీద పరుపు అంచు కుడుతున్న ఆయన భార్య దౌలత్‌బీ ఒకసారి తలెత్తి, మళ్ళీ దించుకుంది.

"కూసో మారెమ్మా. యూనుసూ, ఆమెకు చాయ్ పొయ్యి. పేరులోనే ఉరుకు పెట్టుకున్న పిల్ల, దూకనీ, భయమేల? విను. అబ్రహాం సారు నా కాడికొచ్చి, సాబూ, మెత్తని గుంత కావల్ల, హైదరాబాదులో అడిగితే ఎవురికీ సేతకాదంటాండారు అనె. ఔనా, అంటి. గడ్డపార పట్టినా. పొద్దున మొదలుపెట్టినోన్ని నాష్టా యాళకు రెండు నిలువులు తవ్వినా, ఒక్కన్నే. బళ్ళారి నుంచి, సోఫాలు సేసేటోళ్ళ కాడ, స్పాంజి తుండ్లు రెండు లారీలు తెప్పించి నింపితి. నింపి, బడి మిద్దె మీద నుంచి కోడిగుడ్డు ఒకటి ఇడిసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పగల్లేదు," అన్నాడు హమాలీ రంగన్న, బీడీ తీయకుండానే.

"పగలకపోతే గొప్పేముందప్పా, అది ఎవురైనా సేస్తారు. తుండ్లు తీసి సూస్తే గుడ్డు లేదు, పిల్ల ఉండాది! ఆ మెత్తదనానికి, ఆ వెచ్చదనానికి ఆడనే పొదిగింది."

"పుంజా సాబూ, పెట్టా?"

"పుంజు. మాటకు అడ్డం రావద్దు."

"అడుగు తగుల్తాదా సాబూ?" అంది మారెమ్మ.

"ఆడికే వస్తాండా. అబ్రహాం సారు అది సూసి, నేనూ దూకుతా అని మిద్దెక్కి దూకె. దూకినోడు దూకినట్లే నిద్రపోయె. బెల్లు కొడితే లేవడు, ఎడ్మాస్టరొచ్చి పిలిస్తే లేవడు. కడాకు ఆయన మెళ్ళో ఈలను ఆయన సెవులోనే ఊదితే కండ్లు తెరిసి, 'సాబూ, నా సర్వీసు ఇంకా పదేండ్లుండాది, ఈడనే గడిపేస్తా' అనె. ఇది సిన్న సంగతి. అసలుది ఎద్దు కథ."

"ఎద్దెందుకొచ్చింది బడికి?" అన్నాడు యూనుస్, గ్లాసు కడుగుతూ.

"మద్దికెర రైతు తోలుకోని పోతాండె. ఎద్దు ఆ తుండ్లను సూసి, ఏమి మేతో అనుకోని దూకె. ఏనుగంత ఎద్దు! గుంత ఏం సేసిందో తెలుసా? తిరగేసి కొట్టె. ఎద్దు గాల్లోకి లేసె. బడి మిద్దె దాటె, మిల్లు పొగగొట్టం దాటె, గద్దలు దావ ఇడిసి పక్కకు జరిగినాయి. పోయి పోయి ఎమ్మిగనూరు సంత మీదికి వచ్చె. ఆ బేరగాళ్ళు ఊరికుంటారా? అది నేల తాకకముందే పండ్లు సూసి బేరం తెంచినారు."

"గాల్లో ఉండంగ పండ్లు ఎట్ల సూసినారు సాబూ?"

"భయానికి నోరు తెరుసుకోనుండె కదప్పా!"

అంగడంతా నవ్వింది. మారెమ్మ చాయ్ ముట్టలేదు. "సాబూ, అడుగు..."

"అడుగా! ఆ గుంతకు అడుగుండాదా? ఎద్దు పోయినాక ఇంకా లోతు తవ్వినా. కృష్ణగిరి పైల్వాన్ ఒకడు పందెం కాసి దూకినాడు. పొద్దున మునిగినోడు మధ్యాన్నానికీ రాలే. వాళ్ళమ్మ రొమ్ము బాదుకుంటాండాది. పొద్దు వాలేతలికి కబురొచ్చె, బంగారం దొరికే జొన్నగిరిలో తేలినాడంట! కాళ్ళ నిండా బంగారు మన్ను. ఆ కాళ్ళు కడిగిన నీళ్ళు వడగట్టి వాళ్ళమ్మ ముక్కుపుడక సేయించుకునె."

రంగన్నకు బీడీ పొగ పొలమారింది. మారెమ్మ మాత్రం లేచింది.

"వద్దులే సాబూ. నా బిడ్డను ఎమ్మిగనూరులో ఎతకల్లనా, జొన్నగిరిలో ఎతకల్లనా? ఎగరేసే గుంత వద్దు, మింగే గుంత వద్దు. పట్టుకునేది కావల్ల నాకు. కాగితం సారుకు వాపసిస్తా. పిల్ల ఏడిస్తే ఏడుస్తాది, రొండు దినాలు."

నవ్వు ఆగిపోయింది. గఫూర్ సాబ్ గబగబా లేచాడు. "అట్ల కాదు మారెమ్మా... గుంత బాగుండాది... నిజం సెప్తాండా..."

నిజం అనే మాట ఆయన నోట్లో కొత్త చెప్పులా కరిచింది. ఎవరూ నమ్మలేదు. నమ్మేందుకు ఆయన ఏమైనా మిగిల్చాడా? తన నోరు ఒక పిల్ల దారికి అడ్డం పడిందని ఆయనకే తెలిసినట్టుంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక నిలబడ్డాడు.

దౌలత్‌బీ సూదిని గుడ్డలో గుచ్చింది.

"మారెమ్మా, నిలుసు. ఎగిరింది ఎద్దు కాదు. నేను."

మారెమ్మ వెనక్కి తిరిగింది.

"ఈయనది పరుపు కూరే సెయ్యి. స్పాంజిని గూడ పరుపు మాదిరే తొక్కి తొక్కి కూరినాడు. దూకితే తిరగేసి కొట్టింది. గట్టు మీద పడినా." రవిక చేయి పైకి లాగి మోచేయి చూపించింది. తోలు లేచిపోయిన చోట ఇంకా ఎర్రగా ఉంది. "అంతా బయటికి తోడి, తుండ్లు వదులుగా పోసినాం. మళ్ళ దూకితే మడమ నేలకు తగిలింది. నాలుగు దినాలు కుంటినా. ఇంకో మూర తవ్వి, అడుగున పాత పరుపులు పరిసి, మళ్ళ వదులుగానే పోసినాం. మూడోసారి నడుము దాకా మునిగి ఆడనే నిలిసినా. అడుగు తగల్లేదు. సీర సిక్కుకోని బయటికి రానీకే తిప్పలాయె."

"ఎంత ఎత్తు నుంచి దూకితివక్కా?"

"సారు కడ్డీ ఎంతెత్తుండాదో దానికి జానెడు ఎక్కువే. అబ్రహాం సారే నిచ్చెన పట్టుకున్యాడు, అడుగు ఆయన్ని. ఇంకో మాట. దినామూ దూకినాక తుండ్లను తిరగదోడల్ల, లేకుంటే అణిగిపోతాయి. పత్తి సంగతి నీకు తెల్వందేముంది? తోడకుండా దూకొద్దని నీ బిడ్డకు నువ్వే సెప్పు."

"ఈ వయసులో నువ్వెందుకక్కా దూకేది?"

"ఎవురి బిడ్డనో దూకమనే ముందర మనింట్లో ఎవురో ఒకరు దూకల్ల కదా."

మారెమ్మ ఆ మోచేయిని వేలితో తాకి చూసింది. తన మొగుడి తుంటి విరిగిన రోజు, ఆ బేళ్ళ మీద ముందుగా ఎవరు దూకి చూశారు? తర్వాత యూనుస్ వైపు తిరిగి, "అన్నా, సిరా ఉండాదా?" అంది. యూనుస్ జేబులోంచి పెన్ను తీసి ఆమె బొటనవేలికి సిరా పూశాడు. టీ బల్ల మీద కాగితం పరిచి, అదిమి వేలిముద్ర వేసింది.

రంగన్న ఊరుకోలేదు. "మరి ఆ పొద్దు సాబు ఏం సేస్తాండె అక్కా?"

"ఆయన్నే అడుగు."

గఫూర్ సాబ్ నేల చూపులు చూశాడు. "ముందు నేనే దూకుదామని నిచ్చెనెక్కినా. కాళ్ళు వణికినాయి. దిగినా."

ఆయన నోట అంత పొట్టి మాటలు ఆ అంగడి ఎన్నడూ వినలేదు. ఎవరూ నవ్వలేదు. మారెమ్మ చల్లారిన చాయ్ ఒక గుటక తాగి, మెల్లగా అడిగింది. "శానా వణికినాయా సాబూ?"

గఫూర్ సాబ్ తల లేచింది. "శానా అంటే! నా కాళ్ళ వణుక్కు ఆదోని కొండ మీద గుండ్లు దొర్లినాయి కదమ్మా! ఊరు ఊరంతా బయటికి ఉరికె! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు సాబూ," అంది మారెమ్మ, గ్లాసు బల్ల మీద పెట్టి. "దౌలత్‌బీ అక్క దూకింది."