ముందటి షాఫ్టు లేని జీపు

“పెద్దబాపూ, బండి బయట పెట్టిన. నువ్వు ఒక్కసారి చూసి చెప్తెనే కొంట. బాపు గూడ గదే అన్నడు.”

మీ నాయిన అన్నడా? ఏమన్నడు, అన్న ఊఁ అంటెనే తీసుకో అన్నడా? అంటడు. మల్లేశం గట్లనే అంటడు. గదే బిడ్డా నాకు... కూసో. కూసో శిరీషా, ఎంతసేపని నిలవడ్తవు. గా అమ్మేటోడు ఏడి, చాయ్ తాగ పోయిండా? పోనియ్యి. వానికి తొందరగని మనకేం తొందర.

చూసిన నేను. నువ్వు లోపట మా కోడలుతోని మాట్లాడుతుంటె బండి సుట్టు తిరిగొచ్చిన. కిందికి గూడ దూరిన, గీ వయసుల. చెప్త, ఏమున్నదో చెప్త. దానికన్న ముందుగాల ఒక ముచ్చట ఇను. నువ్వు పశువుల డాక్టరువి, దినాం ఊర్లు తిరిగే నౌకరి. సగం దూరం తారు రోడ్డు, సగం దూరం బురద, నడుమల వాగు. నీకు ఫోర్ వీల్ కావాలె, కాదనను. కాని మన దిక్కు పాత ఫోర్ వీల్ కొనుడంటే వేరే తాన కొన్నట్టు కాదు. సగం బండ్లు ఓపెన్ కాస్టు బొగ్గు గనుల్ల తిరిగి తిరిగి అమ్ముడుకొస్తయి. కడుగుతరు, రంగేస్తరు, సీట్లకు కొత్త కవర్లు తొడుగుతరు, పెండ్లిపిల్లను చేసినట్టు చేస్తరు. సీటు కింద వేలుతోని గీకు. నల్లగ అంటిందంటే బొగ్గుల తిరిగిందే. గేర్ ఆయిలు కొంచెం తీసి చూడు, పాల చాయ్ లెక్క ఉన్నదనుకో, లోపటికి నీళ్ళు పోయినయి. నాలుగు టైర్లు ఒక్క తీరుగ ఉండాలె. స్టీరింగు ఒక దిక్కు నిండ తిప్పి నడిపితె ముందట టకటక మోగొద్దు.

గివన్ని సరే. లివర్‌ను చూసి మాత్రం మోసపోవద్దు. డ్రైవర్ పక్కన చిన్న లివర్ ఉంటది గద, దాన్ని గుంజితె టక్కుమని పడ్తది. పడ్డది గదా అని నాలుగు టైర్లు గుంజుతయనుకుంటరు. ఉత్తదే. గేర్ బాక్స్ కాన్నుంచి ముందటి టైర్లకు ఒక ఇనుప రాడ్డు పోతది, షాఫ్టు అంటరు దాన్ని. గది ఉంటెనే ముందటి టైర్లకు బలం పోతది. వెనుకట డీజిల్ పదిహేనో పదహారో రూపాలున్నప్పుడు గూడ, డీజిల్ తింటుందని కొందరు గా షాఫ్టు ఇప్పి ఇంట్ల పెట్టుకుంటుండ్రి. లివర్ మాత్రం ఉండేది. అది ఉన్నదా లేదా తెల్వాలంటే కింద పండాలె, నడుం వంచి చూస్తే కనపడది.

నాకెట్ల తెలుసంటవా? ముప్పై రెండేండ్లు బొగ్గు గని వర్క్‌షాపుల ఫిట్టర్ పని చేసిన. బండి కిందనే బతికిన. మీ నాయినేమో బొగ్గు మోసే డంపర్ ఆపరేటర్. గంత ఎత్తుల, అద్దాల గదిల కూసొని నడుపుడు ఆయన పని. అది ఖరాబైతె కింద పండుడు నా పని. మొఖం మీద ఆయిలు కారుతుంటె మీదికెల్లి మీ నాయిన “అన్నా, ఎంతసేపైతది?” అంటుండె. మంచిగనే అడిగేటోడు పాపం. నాకే మంచిగ వినపడకపోయేది.

ఇగో, దాపెట్టి చెప్తె ఏం లాభం. నాకు మీ నాయినంటే కుళ్ళు బిడ్డా. గిప్పుడు పుట్టింది కాదు. నేను మీ అమ్మమ్మ ఇంటికి పెద్దల్లున్ని. ఆరేండ్లు నేనొక్కన్నే అల్లున్ని, నాదే రాజ్యం. నేను పోయిన్నాడు మీ అమ్మమ్మ కోడిని కోస్తె, కార్జం ముక్క నా పళ్ళెంలనే పడేది. తర్వాత మీ అమ్మను మల్లేశానికి ఇచ్చిండ్రు, నాకు సడ్డకుడై, చిన్నల్లుడై వచ్చిండు. మొదటి పండుగకే కార్జం ముక్క ఆయన పళ్ళెంలకు పోయింది. నువ్వు నవ్వుతున్నవు. నవ్వు. నాకు మాత్రం గా కూర గొంతుల దిగలే.

ఇగ అక్కన్నుంచి ఏది చూసినా మండుడే. ఇద్దరి క్వార్టర్లు ఒక్క లైన్లనే. కూలర్ ఆయనకు ముందొచ్చింది. రంగుల టీవీ ఆయనకు ముందొచ్చింది. నా పిల్లలు పోయి వాళ్ళ గడపల కూసొని చూసేటోళ్ళు. ఆఖరికి ఏమైంది, మీ నాయిన మోకాలు ఖరాబై అన్‌ఫిట్ అయితె, ఆయన బదులు మీ అన్నకు గనిల నౌకరి వచ్చింది. నా మోకాళ్ళు మంచిగున్నయి, నా కొడుకు కాంట్రాక్టు పనికి పోతుండు. మోకాలు పోయినోన్ని చూసి కుళ్ళుకునేటోడు ఎవడన్న ఉంటడా? ఉన్నడు. నీ ముందట కూసున్నడు.

ఏం చెప్పబోతి... ఆఁ, జీపు. జీపు కొనాలనుకున్నది నేను బిడ్డా. గది గుర్తుపెట్టుకో. పెండ్లి కాకముందుకెల్లి నాకు గదే పిచ్చి. ఆఫీసర్ల జీపులు వర్క్‌షాపుకు వస్తె నా చేతులతోని తుడిచి పంపేటోన్ని. ఎప్పటికైన ఒకటి కొంట, అత్తగారి ఊరికి వాగు దాటి జీపుల పోత అని ఊరంత చెప్పుకున్న. మీ నాయినకు గూడ నేనే చెప్పిన. ఏది మంచిదో, ఏది ఎట్ల చూడాలెనో, అన్ని నేనే నేర్పిన. నా పెద్దకొడుకు బిమారికి దవాఖానల ఖర్చయి నా ఆశ ఆగిపోయింది. ఒకనాడు మీ నాయిన వచ్చి “అన్నా, మంచిర్యాలల ఒక జీపున్నదట, నువ్వొచ్చి చూడాలె” అన్నడు. ఎవరికిరా అన్న. “నాకే” అన్నడు.

పోయినం. వంకాయ రంగు జీపు. మంచిగుండె. నేను గోనెసంచి పరుసుకొని కిందికి దూరిన. దూరుడుతోనే కనపడ్డది. ముందటి షాఫ్టు లేదు. రెండు దిక్కుల మొండిగ ఉన్నది, గుడ్డ పేలికలు చుట్టిండ్రు. ఇగ లేచి చెప్పాలె. లేవబోతున్న. కింద పండినోనికి ఏం కనపడ్తది, చెప్పులు, బూట్లే గద. మీ నాయిన కొత్త బూట్లు జీపు సుట్టు తిరుగుతున్నయి. అమ్మేటోనితోని చెప్తున్నడు, “మా అన్నకు మస్తు ఆశుండె, ఆయనతోని కాలే. నేను కొంటె ఆయన కొన్నట్టే.” ప్రేమతోనే అన్నడు. గిప్పుడు తెలుస్తది ప్రేమని. గప్పుడు నా చెవుల “ఆయనతోని కాలే” అన్న ముక్కనే పడ్డది.

మీదికి వచ్చి, చేతులు తుడుసుకొని, “మంచిగనే ఉంది, తీసుకో” అన్న.

గంతే. ఒక్క మాట. నాతోని కాలే అన్నడు గద, వానితోని గూడ కావద్దు అనుకున్న. మీ నాయిన నా మాట మీద కిందికి వంగి గూడ చూడలే.

మూడు నెలలు ఏం కాలే. తారు రోడ్డు మీద ముందటి టైర్లతోని ఏం పని? మీ నాయిన జీపు తోలుకొని ఖని బజార్ల తిరుగుడు, అందరు సలాం కొట్టుడు. నేను దినాం ఎదురుచూసుడు. ఎప్పుడు కూరుకపోతదా, ఎప్పుడు నలుగురిల నవ్వులపాలైతడా అని. అన్నం తినేకాడ గూడ గదే యాది. నా నోటితోనే మంచిదని చెప్పిన జీపు, నాకే కంటి నిండ నిద్ర లేకుంట చేసింది.

శ్రావణంల మీ అమ్మమ్మ ఊర్లె బోనాలు. జీపుల అందరం బయలెల్లినం. మీ నాయిన తోలుతుండు, నేను పక్కన. వెనుక మీ అమ్మ, మీ పెద్దమ్మ, నువ్వు, మీ అన్న. నా పిల్లలు ముందునాడే పోయిండ్రు. నీకు నాలుగేండ్లు. వాగు కాడికి వచ్చినం. మోకాలు లోతు నీళ్ళు, ఎర్రగ పోతున్నయి. ఆగుదాం అంటదేమో మీ అమ్మ అనుకున్న, అనలే. మీ నాయిన నా దిక్కు చూసి నవ్విండు. “ఫోర్ వీల్ ఉంది గద అన్నా, ఏం ఫికర్?” అని చిన్న లివర్ గుంజిండు. టక్కుమన్నది.

గప్పుడన్న చెప్పాలె గద? నోటిదాక వచ్చింది. చెప్తె ఏమైతది, నీకెట్ల తెలుసు అంటడు. మూడు నెలల కింద ఎందుకు చెప్పలే అంటడు. మీ పెద్దమ్మ వెనుక కూసున్నది, ఇంటది. ఇగ ఏం చేసిన్నో తెలుసా? “ఆపు, నాకు కడుపుల తిప్పుతుంది, దిగి వెనుకకెల్లి నడిచొస్త” అన్న. దిగిన. మిమ్ముల్ని అందర్ని అండ్లనే ఉంచి, నేనొక్కన్ని దిగిన బిడ్డా. మీ పెద్దమ్మ నా దిక్కు ఒక్క చూపు చూసింది.

నడి వాగుల వెనుక టైర్లు ఇసుకల దిగినయి. మీ నాయిన రేసు కొడుతుండు, ముందటి టైర్లు కదుల్తలేవు, వెనుకటియి ఇంక లోతుకు పోతున్నయి. మీద ఏడనో వాన పడ్డట్టుంది, నీళ్ళు పెరుగుడు షురువైనయి. డోర్ దాక వచ్చినయి. మీ అమ్మ కేక ఒడ్డు మీద ఇనపడ్డది. గప్పుడు ఉరికిన. ఎట్ల ఉరికిన్నో తెల్వది, చెప్పులు కొట్టుకపోయినయి. ముందుగాల నిన్నే భుజాన ఎత్తుకున్న, నా జుట్టు పట్టుకొని ఊకుంట లేవు. నిన్ను ఒడ్డుకు చేర్చి, మల్ల పోయి మీ అన్నను తెచ్చిన. ఆడోళ్ళను మీ నాయిన పట్టుకొచ్చిండు. ఎవరో ట్రాక్టరాయన మోకేసి జీపును గుంజిండు. ఎవ్వలికేం కాలే. దేవుడున్నడు.

ఇగ ఊర్లె ఏమైంది? పెద్దల్లుడు వాగుల దుంకి పిల్లల్ని కాపాడిండు అని ఒకటే మెచ్చుకునుడు. మీ అమ్మమ్మ ఏడ్సుకుంట నా తల నిమిరి, ఆ పూట కార్జం ముక్క నా పళ్ళెంల ఏసింది. తిన్న. సిగ్గు లేకుంట తిన్న.

నీకు చిన్నప్పటికెల్లి గదే కథ చెప్పిండ్రు గద? పెద్దబాపు నీ పాణం కాపాడిండు అని. నువ్వు చదువుకొని డాక్టరై మొదటి జీతం రాంగనే నాకు పంచె, కండువ తెచ్చి కాళ్ళు మొక్కినవు. గా కండువ నేను ఒక్కనాడన్న కప్పుకున్నట్టు చూసినవా? పెట్టెలనే ఉన్నది.

షాఫ్టు లేని సంగతి మెకానిక్ చెప్పంగనే మీ నాయిన ఏమన్నడు అనుకుంటున్నవు? నన్ను ఒక్క మాట అనలే. “అన్న చూసినప్పుడు ఉండె, తర్వాతనే వాడు ఇప్పుకున్నడు, దొంగముండాకొడుకు” అని మంచిర్యాల పోయి అమ్మినోని గల్లా పట్టిండు. నేను ఎంబడి పోయిన. వాడు “సార్, మొదటికెల్లి లేదు, మీ అన్నకు తెలుసు” అని మొత్తుకున్నడు. నేను ఏమన్న? నేను గూడ వాన్నే తిట్టిన. మీ నాయిన కన్న పెద్ద గొంతుతోని తిట్టిన.

మీ పెద్దమ్మ మాత్రం ఒక్కసారి అడిగింది, “నువ్వెందుకు దిగినవు?” అని. కడుపుల తిప్పింది గద అన్న. ఆమె కాలం చేసేదాక మల్ల అడగలే.

గిది ఇప్పటిదాక ఎవ్వలికి చెప్పలే. నీకెందుకు చెప్తున్న అంటే, ఇయ్యాల పొద్దున నువ్వు గా బండి తెచ్చి నిలవెట్టంగనే నాకు మల్ల గదే మంట లేచింది. మల్లేశం బిడ్డ గూడ ఫోర్ వీల్ కొంటుంది, నా కొడుకు ఇంక మోటర్ సైకిల్ మీదనే అని. కింద పండి చూసిన. షాఫ్టున్నది, చాసిస్ గట్టిగున్నది, ఆయిలు తేటగున్నది. మచ్చ లేని బండి బిడ్డా. లేసి వచ్చేటప్పుడు నా నోట్లె ఏం మాట తయారైందో తెలుసా? “వద్దు, ఖరాబున్నది” అని. డెబ్బై ఏండ్లొచ్చినయి, గా కుళ్ళుకు మాత్రం వయసు రాలే. గప్పుడు చెడ్డదాన్ని మంచిదన్న, గిప్పుడు మంచిదాన్ని చెడ్డదంటుంటి.

గట్ల చూడకు శిరీషా. తిట్టు, కాని గట్ల చూడకు.

ఏడికి పోతున్నవు? బండి కాడికేనా? ఆగు, నేనొస్త. నా మాట మీద కొనకు. మీ నాయిన చేసిన తప్పు నువ్వు చెయ్యకు. చున్నీ నడుముకు కట్టుకో, పండు. భయపడకు, హ్యాండ్‌బ్రేక్ ఏసే ఉన్నది, నేను టైరు కాడ రాయి పెడ్త. దూరినవా? నడుమల గేర్ బాక్స్ కనపడుతుందా, గక్కడికెల్లి ముందటికి పోయే రాడ్డు చూడు. నేను చెప్పిన్నని ఉన్నదనకు, చేతితోని పట్టుకో. ఊపు. గట్టిగ ఊపు. ఊగుతుందా? ఊగుతలేదు గద... సరే. రెండు కొసలు చూసినవా? ఒక్కో కొసకు నాలుగు నట్లు, లెక్కవెట్టు. ఉన్నయా? ఉన్నయి గద.

మీ నాయినకు ఫోన్ చేస్తవా? చెయ్యి. బండి నేను చూసుకున్న అని చెప్పు, పెద్దబాపు చూసిండని చెప్పకు. తర్వాత ఫోన్ నాకియ్యి. గా వాగు సంగతి నేనే చెప్త. ఇయ్యాల్నే చెప్త... ఏమంటడో ఏమో. ఏమనకపోతె ఎట్ల తట్టుకోవాలెనో గది తెల్వది నాకు.

ఇగ లే బిడ్డా, ఈపంత మట్టయింది. ఇటు తిరుగు, దులుపుత. నీ కండ్లతోని చూసి కొంటున్నవు, ఇగ ఎవ్వని కడుపుమంట నిన్నేం చెయ్యది. నాదిగూడ. సల్లగుండు... ఆఁ, రింగయితుందా? ఇటియ్యి.