రైట్ చెప్పందే కదలని వ్యాను

ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే రోడ్డు, పొద్దున ఎనిమిది. ఒకప్పుడు ఒకే ప్రైవేటు బస్సుకి డ్రైవరు కొండలయ్య, కండక్టరు కేశవ. ఆ బస్సు వదిలిన నాలుగేళ్ళ తర్వాత ఇద్దరూ ఒక క్యాంపర్ వ్యాన్‌లో కూర్చున్నారు. వ్యాను ఎందుకో ఆగి ఉంది.

"ఎందుకన్నా ఆపినావు?"

"స్టాపు రా."

"ఎవరూ లేరు గదా."

"ఎవరూ లేకపోయినా స్టాపు స్టాపే. నువ్వు ఉలకవు, పలకవు. అయినా నిన్ను మనిషి కాదంటామా?"

"ఇది బస్సు కాదన్నా. మీ అల్లుడు సురేంద్రబాబు టూరిస్టులకి బాడుగకిచ్చే వ్యాను."

"బస్సైతే ఏంది, వ్యానైతే ఏంది? ముప్పై ఏళ్ళు ఈ రోడ్డు మీద ఆపినోణ్ణి. కాలు దానంతటదే బ్రేకు మీదకి పోయింది. సరే, చెప్పు, పోదాం."

"ఏం చెప్పాల?"

"అదే. ఆ మాట."

"నేననను."

"నువ్వనకపోతే నాకు గేరు పడదు రా."

"ఆ మాట అని నాలుగేళ్ళాయె. అనను."

"ఒక్కసారి."

"దిగి నడిచి పోతా."

"సరే సరే, కూర్చో. పోతా ఉండా. రైట్ లేకుండా పోతా ఉండా, చూడు. ఎవరింట్లోకో చెప్పకుండా దూరినట్టుండాది."

"పోనీ అన్నా."

"ఒరే కేశవా, వెనకాల చూసినావా? పొయ్యి, తొట్టి, పరుపులు, కిటికీలకి పరదాలు. క్యాంపరు అని ఎవడు పెట్టినాడో గానీ ఇది కాపరం వ్యాను రా! మా రాఘవమ్మని రమ్మంటే, 'నువ్వు ముప్పై ఏళ్ళు బండిలో కాపరం చేసింది చాలదా, మళ్ళా నేను కూడానా' అనింది."

"ఊ."

"దీనిక్కూడా నవ్వు రాలేదా?"

"వచ్చింది."

"ఎప్పుడు? నాకు కనపళ్ళేదే."

"లోపల."

"ఆత్మకూరులో ఎక్కినావు. ఆత్మ ఆడనే దిగిపోయినట్టుండాది. నా పక్కన ఒట్టి కూరు కూర్చోని ఉండాది."

"ఊ."

"ప్రోగ్రాం ఇను. ఈ పూట దుర్గం ఎక్కుతాం. దాన్ని ట్రెక్కింగు అంటారంట. మా మేకలు రోజూ చేస్తాయి, వాటినెవరూ ఫొటో తీయరు. రేపు సిద్ధేశ్వరకోనలో జలపాతం కింద స్నానం. ఎల్లుండి భైరవకోన. తాళ్ళు, టెంటు, నెత్తికి టోపీలు, అన్నీ పెట్టినాడు మా అల్లుడు. నడుముకి కట్టుకునేదాన్ని హార్నెస్సు అంటారంట. అంతా వెతికినా, దాంట్లో హార్ను యాడా లేదు."

"సరే."

"కొండలు చూడరా. వీటికోసం హైదరాబాదు నుంచి వస్తా ఉండారు జనం."

"చూసినా."

"ఎట్టుండాయి?"

"ఉండాయి."

"పొద్దున్నే బయల్దేరినాం గాబట్టి ఉదయగిరి. అదే సాయంత్రం బయల్దేరి ఉంటే? ఉదయం పోయి, ఒట్టి గిరి మిగిలేది!"

"ఊ."

"ఇదే ముక్క బస్సులో వేస్తే, పళ్ళు లేని ముసలోళ్ళు కూడా నోరంతా తెరిచి నవ్వేవాళ్ళు. నువ్వూ నవ్వేవాడివి."

"ఏమో. గుర్తు లేదు."

"టికెట్టు మిషను చంకలో పెట్టుకోని నవ్వేవాడివి రా."

"ఉండచ్చు. అన్నా, వెనకాల ఆ వెదురు గడ ఏంది?"

"టెంటుకి."

"టెంటుకి ఇనప కడ్డీలు ఉండాయి. నేనే ఎత్తి పెట్టినా."

"ఎందుకైనా మంచిదని."

"పదడుగులు ఉండాది."

"పెద్ద టెంటు."

"కొత్త దుప్పటి కూడా ఉండాది. మందంది. నాలుగు మూలలా తాళ్ళు కుట్టినారు."

"చలికి."

"ఎండాకాలంలోనా?"

"కొండ మీద గాలి రా. నువ్వు రోడ్డు చూడు."

"రోడ్డు నువ్వు చూడన్నా, తోలేది నువ్వు. కంచాలు మూడు ఉండాయి. గ్లాసులు మూడు."

"ఒకటి పగిలితే?"

"స్టీలు గ్లాసులు."

"ఏం కండక్టరువి రా నువ్వు! తల లెక్కలు మానలేదే!"

"ఎవరొస్తా ఉండారు?"

"ఇదో, స్టాపు. ఆపుతా ఉండా."

"మళ్ళా ఎవరూ లేరు."

"లేరు. అందుకే ఆపినా. నీతో మాట్లాడాల."

"మాట్లాడు."

"నవ్వులాటకి కాదు."

"నువ్వు నవ్వులాటకి మాట్లాడినా నాకు ఒకటే, కాకపోయినా ఒకటే. మాట్లాడు."

"ఆ దినం ఉదయగిరి స్టాపులో నువ్వు రైట్ చెప్పినావు. రేకు మీద రెండు దెబ్బలు పడినాయి. పాటలు మోగతా ఉండె, జనం అరస్తా ఉండిరి, అయినా ఆ దెబ్బలు విన్నా. వెనకాలే రైట్ అని మాట, ఆ గోలలో గొంతు సరిగ్గా తేలలేదు గానీ నువ్వు గాక ఇంకెవరు? నేను కదిలించినా. ఆ స్టాపులో దిగిన గరిటెల చెంచులక్ష్మి కాలు వెనక చక్రం కింద పడింది."

"తెలుసు."

"ఓనరు నారాయణయ్య ఇద్దర్నీ కూర్చోబెట్టి అడిగితే, నువ్వు చెప్పలేదన్నావు."

"అన్నాను."

"నన్ను స్టీరింగు మీద నుంచి దింపేసినాడు. పోలీసోళ్ళు తీసుకున్న లైసెన్సు మొన్న గదా మళ్ళా చేతికొచ్చింది. నాలుగేళ్ళు మేకలు తోలినా. బస్సు తోలినోణ్ణి మేకలు తోలినా. తోలడం మాత్రం తప్పలేదు చూడు! ఒక సుఖం ఉండాది. మేకలకి ఎవరూ రైట్ చెప్పక్కర్లేదు. దేనికదే కండక్టరు."

"ఊ."

"ఊ కాదు. చెప్పినావా, చెప్పలేదా? ఒక్క మాట. నాకు కోపం లేదు. ఉండేది. దాన్ని కూడా మేకలే మేసేసినాయి."

"తెల్దన్నా."

"తెల్దంటే?"

"తెల్దంటే తెల్దు. దినానికి మూడు నూర్ల సార్లు అనేవాణ్ణి ఆ మాట. నోరు దానంతటదే అనేది. మా నాయన పోయినప్పుడు, నలుగురూ పాడె భుజానికెత్తుకోగానే రైట్, రైట్ అన్నానంట. మా మేనమామ చెంప మీద కొట్టినాడు. ఎందుకు కొట్టినాడో తర్వాత ఎవరో చెప్తే తెలిసింది."

"ఈ సంగతి నాకు చెప్పలేదే!"

"చెప్తే బస్సంతా చెప్పేవాడివి."

"చెప్పేవాణ్ణి."

"ఆ దినం నేను నడిమిట్లో ఉండా. వరికుంటపాడు పెళ్ళోళ్ళకి టికెట్లు కొడతా ఉండా. అనలేదనే గుర్తు. కానీ పాడె కాడ అనింది కూడా గుర్తు లేదు గదా. నారాయణయ్య అడగ్గానే, అనలేదు అని వచ్చేసింది నోట్లోంచి. అది నిజమో, భయమో. పొద్దున లేవగానే అదే అడిగేవాణ్ణి నన్ను నేను. ఇప్పుడు అడగడం లేదు."

"ఎందుకని?"

"ఏమీ తెలవడం లేదన్నా. కూరలో ఉప్పుండాదో లేదో కూడా తెలవడం లేదు. మా ఆడమనిషి రెండు నాళ్ళు ఉప్పు లేకుండా పెట్టి చూసిందంట. తిన్నానంట."

"కండక్టరు పని అందుకేనా మానేసింది?"

"సిమెంటు అంగట్లో కూర్చుంటా. బస్తాలు వస్తాయి, పోతాయి. వాటి కింద కాళ్ళు ఉండవు."

"నువ్వు అబద్ధం చెప్పినావనే అనుకున్నా నేను. నాలుగేళ్ళూ."

"చెప్పినానేమో."

"అట్టా అంటే నేనెవర్ని తిట్టాల రా?"

"నన్నే తిట్టు. అందుకేనా పిలిచింది?"

"కాదు. గడకి ముందొకడు, వెనకొకడు కావాల. మేకల్ని అడిగితే రామన్నాయి."

"గడ దేనికి?"

"డోలీకి."

"డోలీలో ఎవరు?"

"పోదాం పద. ఈ స్టాపుకి నిన్నేమీ చెప్పమన్లే. ఊరికే పోతా ఉండా."

ఉదయగిరి. దుర్గం కింద స్టాపు.

"అన్నా, ఆపొద్దు."

"స్టాపు రా."

"ఆమె ఉండాది ఆడ. చంకలో కర్ర పెట్టుకోని నిలబడి ఉండాది. పోనీ అన్నా. ఆపకుండా పోనీ."

"ఆమె కోసమే వచ్చింది. పోయిన నెల ఫోన్ చేసినా, తప్పైపోయిందమ్మా అని చెప్దామని. ఆ మాట నాకేం పనికొస్తాది, దుర్గం ఎక్కించు అనింది. గరిటెల చెక్క కోసం చిన్నప్పట్నుంచీ ఎక్కిన కొండంట. నాలుగేళ్ళుగా కింద కూర్చోని గరిటెలు అరగదీస్తా, పైకి చూస్తా ఉండాదంట."

"నేను దిగిపోతా."

"దిగు. దిగి, ఆమెకి తలుపు తెరువు."

"కొండలయ్యన్నా! ఏడున్నరకల్లా వస్తానంటివే! ఎండెక్కిందాకా ఏం చేస్తా ఉండావు?"

"స్టాపు స్టాపుకీ ఆపుకుంటా వచ్చినా లక్ష్మమ్మా."

"ఎవరెక్కినారు?"

"ఎవరూ ఎక్కలేదు."

"బాగుండాది సంబడం! ఎవరది, కేశవా? ఏం తమ్ముడా, అట్టా ఎండిపోయినావు? ఈ సంచి పట్టుకో. పదిలం, గరిటెలు ఉండాయి. పైన అన్నం వండితే చేత్తో తిప్పుతారా మీరు? చెరో రెండు మీ ఇళ్ళకి కూడా తెచ్చినా."

"లక్ష్మమ్మా, నేను…"

"తర్వాత మాట్లాడుదువు. కర్ర లోపల పెట్టు. మెట్టు ఎత్తుగా ఉండాది, చెయ్యి ఇయ్యి. గట్టిగా పట్టుకోవయ్యా, గాజుబొమ్మనా నేను? ఆ, కూర్చున్నా. మెత్తగా ఉండాదే! ఇంక పోనీ."

"కేశవా, చెప్పు."

"అన్నా."

"మిగతా స్టాపుల్లో నువ్వు చెప్పకపోయినా వచ్చినా. ఈ స్టాపులో నా వల్ల కాదు."

"నా వల్లా కాదన్నా. నోట్లో ఆ మాట లేదు."

"ఏందయ్యా మీ గోల? ఎవరు ఎవరికి ఏం చెప్పాల?"

"వాడు రైట్ చెప్పాల, నేను కదలాల. వాడు చెప్పడు. నేను కదల్లేను."

"ఇంతేనా? ఈ మాత్రం దానికి కండక్టరెందుకు? జరుగు తమ్ముడా, కిటికీలోంచి చెయ్యి పోనీ. ఠప్! ఠప్! రైట్, రైట్!"

"లక్ష్మమ్మా."

"ఏంది, ఇద్దరూ ఒక్కసారే తిరిగినారు?"

"ఆ దెబ్బ. మళ్ళా కొట్టు."

"రేకు సొట్టపోతే మీ అల్లుడు నన్నంటాడు. ఇదో. ఠప్! ఠప్!"

"కేశవా, ఇదే రా. ఆ దినం నేనిన్నది ఈ చెయ్యి దెబ్బే."

"నువ్వు… ఎప్పుడూ అట్టా కొడతావా అక్కా?"

"దిగినోళ్ళందరం కొడతాం గదా! నువ్వు నడిమిట్లో టికెట్లు కొడతా ఉంటివి, పాపం బస్సుని ఎందుకు నిలబెట్టేదని ఆ దినం కూడా దిగి, కొట్టి, రైట్ అన్నా. అన్నాక గుర్తొచ్చింది, గరిటెల సంచి మెట్టు మీదే మర్చిపోయినానని. లాగుదామని వంగినా, కాలు జారింది. బండి కదిలింది."

"నాలుగేళ్ళు, లక్ష్మమ్మా! నాలుగేళ్ళు మేమిద్దరం… ఒక్కరికన్నా చెప్పకపోతివే!"

"నేనేం దాచిపెట్టినానా? ఆసుపత్రికి నారాయణయ్య వచ్చినాడు, పోలీసోళ్ళు వచ్చినారు, ఊరంతా వచ్చినారు. పోయింది ఏ కాలమ్మా అని అడిగి రాసుకోని పోయినారు. రైట్ ఎవరన్నారని నన్నెవరన్నా అడిగినారా?"