హన్మక్క ఇంటి తోడు

హలో… ఆ, నేనేనే, మీ అమ్మను. ఏందే పూజితా, గా దమ్ము? ఉరికొచ్చినవా ఏంది?

ఫ్రిజ్జులనా?… ఆ, నువ్వు పెట్టిపోయిన ఎర్ర టేపు చుట్టిన డబ్బనే గదా. ఉన్నది. అంటే… సగం ఉన్నది.

ఎందుకట్ల ఒర్రుతవ్! పొద్దుగాల మన పెరుగు గిన్నె పిల్లి బోర్లేసింది. తోడుకు చుక్క లేకపాయె. గప్పుడే పక్కింటి మల్లీశ్వరి గిన్నె పట్కొని వచ్చె. తోడుకు వచ్చినోళ్లకు లేదంటనా? నీ డబ్బ మూత తీస్తే కమ్మగ వాసనొచ్చింది. ఇంక…

జర మెల్లగ చెప్పు, సమజైతలేదు.

…

పెరుగును పులియబెట్టే పురుగా?… ఆ, కంటికి కనవడనంత చిన్నది… దాంట్ల ఇంకో జీవి గుణం తెచ్చి పెట్టినవ్. ఎవరు, నువ్వా? వికారాబాద్‌ల గా కిరాయి రూముల, వంటగట్టు మీద?… నీలి లైటేస్తే పచ్చగ మెరుస్తదా? ఓయవ్వ! పెరుగు మెరిసి ఏం జేస్తదే?

అక్కడ కరెంటు పోతదని మనింట్ల పెట్టినవ్, సరే. చెప్పొద్దా మరి?… డబ్బ మీద రాసినవా? ఇంగ్లిష్‌ల రాస్తే నేను సదువుతనా? తినేది గానిదాన్ని పెరుగు డబ్బల పెడ్తరా ఎవరన్న!

తింటే ఏమైతది?… "ఏం గాకపోవచ్చు" అంటే?… నీకు గూడ తెల్వదా! చేసినదానివి, నువ్వు జరంత నాలుక మీద ఏస్కోలేదా?

…

సగం ఎట్ల పోయిందంటే… నా సంగతి ఇడ్సిపెట్టు. ముందుగల మల్లీశ్వరి సంగతి ఇను. రేపు ఆమె మనుమని తొట్టెల ఫంక్షన్. గల్లీ అంతటిని బువ్వకు పిలిచింది. గంగాళం నిండ పాలు కాగవెట్టింది, తోడెయ్యనీకే…

వాపస్ తెమ్మంటవా? ఇచ్చిన తోడు మళ్ల అడుగుతరానే? నేను గీ తాండూరుకు కోడలుగ వచ్చినప్పటి సంది గల్లీల తోడంటే గీ హన్మక్క ఇల్లే. ఏమని అడగాలె? మా బిడ్డ పురుగును మార్చిందని చెప్పనా? నిన్ను బతకనిస్తరా?

ఏడ్వకు… ఏడ్వకంటున్న గదా! ఉండు, ఫోన్ పెట్టకు. గోడ కాడికి పోతున్న.

ఓ మల్లీశ్వరీ!… పాలు సల్లారినయా?… ఆగాగు, తోడెయ్యకు! ఎయ్యకు!… ఎందుకంటే… బల్లి. మా పెరుగుల బల్లి పడ్డది. ఇప్పుడే చూసిన… నిజంగనే చెల్లె, ఒట్టు… గా తోడు గిన్నె నాకియ్యి. వేరేటోళ్లింట్ల తెచ్చుకో… తప్పయింది చెల్లె. పసిపిల్లగాడున్న ఇల్లని తెల్వదా నాకు…

…

ఇన్నవా బిడ్డా? ఇంకా ఎయ్యలేదట. గిన్నె నా చేతిల ఉన్నది… బతికిపోయినమా? నువ్వు బతికినవ్. ఆమె మొఖం జూడాల్సుండె! నా చెయ్యి తగలకుండ గోడ మీద పెట్టిపోయింది గిన్నె. రేపు బువ్వ బంతిల కూసొని అందరు గదే ముచ్చట చెప్పుకుంటరు. ఇంకెవరొస్తరే నా వాకిట్లకు గిన్నె పట్కొని?… ఏం లేదు, ఏడుస్తలేను. చెప్పు, దీన్నేం జెయ్యాలె?

సలసల మరగవెట్టి, బ్లీచింగు పౌడరేసి… డబ్బల ఉన్నది గూడనా? మస్తు తిప్పలు పడి చేసుకుంటివేమో బిడ్డా… సరే, పోనియ్.

నేనా?… చెప్పిన గదనే, నా సంగతి… అరె, ఎన్నిసార్లడుగుతవ్!

…

మాపటి రైలుకు వస్తున్నవా? రా. వచ్చేటప్పుడు గా నీలి లైటు తే… ఎందుకంటే… ముందుగల నా నాలుక మీద ఏసి చూద్దువు.

గా పెరుగే పగటీలి బువ్వల కలుపుకున్ననే. గట్టిగ, మస్తు కమ్మగున్నది, ఇంకింత ఏస్కున్న… కడుపుల నొప్పేం లేదు, మంచిగనే ఉన్న. పూజితా?… గా చప్పుడేంది, మెట్లు దిగుతున్నవా? ఉరుకకు బిడ్డా, మెల్లగ రా… హలో—