చూరు కింది రోలు

తిప్పయ్య అని ఒకాయప్ప ఉండేవాడంట. ఏడెనిమిది ఇండ్ల పల్లె. ఆయప్ప వాకిట్లో ఒక రాతిరోలు, భూమిలో మోకాటి లోతు పాతిన రోలు, ఎద్దులు కట్టి లాగినా కదలదు. ఆ ఊరోళ్ళు ఏం చేసేవాళ్ళంటే, వాన వెలిసినంక పొద్దున్నే వచ్చి ఆ రోట్లోకి తొంగి చూసేవాళ్ళు. రోలు నిండింటే చేను జానెడు తడిసినట్టు, గొర్రు కట్టి విత్తుకోవచ్చు. సగముంటే దుక్కి దున్నుకోవచ్చు. అడుగున రొవ్వంతుంటే, పో, పోయి ఇంట్లో పండుకో. తిప్పయ్య తాత నాటి నుంచి ఇదే లెక్క, ఒక్కతూరి గూడా తప్పలేదంట. "తిప్పన్న చెప్పినాడా? అయితే కట్టు గొర్రు" అనేవాళ్ళు. నిజానికి చెప్పేది రోలు, పేరు తిప్పయ్యది. శానామంది పెద్దరికాలు ఇట్లనే ఉంటాయి అనుకో.

ఆ యేడు ఏమైందంటే, ఎండాకాలంలో కొడుక్కు పెండ్లి చేసి కోడల్ని తెచ్చుకున్నాడు, గంగులమ్మని. ఎండలో నిలబడి దంచుతాంటే ఆ పిల్ల ముఖం కమిలిపోతాంది. మామకు మనసు ఒప్పలేదు. మంచోడే లెండి. రోటికి నీడొచ్చేట్టు బోదకసువు గడ్డి కప్పి ఇంటి ముందరికి పంచ దించినాడు. చూరు వచ్చి సరిగ్గా రోటి మీద ఆగింది. మీరు నగొద్దు, ఊర్లో ఎవురికీ ఏమీ తోచలేదు.

అంతకుముందు యేడు కరువు. ఇంటింటికీ ఒక మూట చెనిక్కాయ విత్తనం, పిల్లోళ్ళు అడిగినా పెట్టకుండా దాచింది, అదొకటే మిగిలింది. అది మొలిస్తే ఊర్లో ఉంటారు, ఎండితే వలస పోతారు. ఆరుద్ర కార్తెలో ఒక సాయంత్రం వానొచ్చింది. ఉరిమింది శానా, కురిసింది రొవ్వంత. తెల్లారి వచ్చి చూస్తే రోలు నిండి పొర్లుతాంది. తిప్పయ్య మీసం సవరించుకొని, "ఇంక చూసేదేముంది, కట్టండి" అన్నాడంట. ఊరు ఊరంతా చేండ్లలోకి పోయింది.

తిప్పయ్య గూడా గొర్రు ఎత్తుకుంటాంటే గంగులమ్మ అడ్డమొచ్చింది. "మామా, కోపం చేసుకోగాకు. దిబ్బకాడ కోళ్ళకు నీళ్ళు పోసే చట్టి ఉంది గదా, దాంట్లో వేలెడు నీళ్ళు గూడా లేవు. దాని మీద పడిందీ ఈ వానే గదా" అనింది. తిప్పయ్యకు మండింది. మా తాత నాటి రోలు, నిన్న గాక మొన్న వచ్చినదానివి, నీకేం తెలుసు అన్నాడంట. ఆ పిల్ల పోయి ఒక కడవ నీళ్ళు తెచ్చి పంచ కప్పు మీదికి పోసింది. నీళ్ళు కసువు మీద జారి, చూరు దిగి, ధారగా వచ్చి రోట్లో పడినాయి. తిప్పయ్యకు అప్పుడర్థమైంది. రోలు తన మీద పడిన వాన ఒక్కటే పట్టలేదు, కప్పు మీద పడిన వాన గూడా తాగి కూర్చుంది.

తన చేన్లోకి పోయి చేత్తో గీరినాడంట. రెండు వేళ్ళ లోతు తడి, కిందంతా బూడిద మాదిరి పొడి. సిగ్గయిపోయింది ఆయప్పకు. ఇంటికి పోయి పండుకుందాం, రేపో మన్నాడో ఇంకో వాన పడితే ఎవురికి తెలుస్తుంది అని గూడా అనుకున్నాడంట. అనుకోకుండా ఉంటాడా, మనిషే గదా. తలెత్తి చూస్తే మబ్బు తునక లేదు. పడమటి గాలి తిరుక్కునింది, ఉండే తడిని గూడా ఆరబెట్టేసే గాలి. ఇంక ఆగలేకపోయినాడు.

మొదటి చేను ఎర్రిస్వామిది. "ఎర్రిస్వామీ, గొర్రు ఆపు, నేను చెప్పింది తప్పు" అన్నాడు. ఎర్రిస్వామి నగినాడు. "రోలు నిండింది నా కండ్లారా చూసినా గదన్నా. నీకు పైత్యం చేసినట్టుండాది, నీడకు పో." చూస్తిరా, రోటి మాట నమ్మినాడు, మనిషి మాట నమ్మలేదు. రెండో చేన్లో కసురుకున్నారు. మూడో చేన్లో ఒక ముసిలామె, పొద్దున ఒక మాట, ఇప్పుడొక మాట, ఎవురి కొంప తీయాలనిరా అని మన్ను తీసి మీదికి విసిరిందంట. తుడుచుకొని ముందుకు పోయినాడు. నాలుగో చేన్లో మాటలు మానుకొని, వంగి, గీరి, అడుగు నుంచి పొడిమన్ను తీసి చేతిలో పెట్టినాడు. ఆ గొర్రు ఆగింది. ఆడి నుంచి మిగతావీ ఆగినాయి. మొత్తం ఏడు చేండ్లు తిరిగినాడు.

మళ్ళా పద్దెనిమిది దినాలకు గానీ వాన రాలేదు. విత్తిన మూడు చేండ్లలో మొలక తలెత్తి అట్లనే మాడిపోయింది. తిప్పయ్య తన విత్తనం మూట విప్పి మూడు భాగాలు చేసి, ఆ మూడిండ్లకు పంచినాడంట. ఎర్రిస్వామి తీసుకోనన్నాడు. "నువ్వొచ్చి చెప్తివి, విననిది నేను. నీ తప్పేముందన్నా?" అన్నాడు. "పొద్దున కట్టమని చెప్పింది గూడా నేనే గదప్పా" అన్నాడు తిప్పయ్య. ఆ యేడు ఆయప్ప చేను బీడు పడింది, ఇంటిల్లిపాదీ కూలికి పోయినారు.

మీ బడికాడ వాన కొలిచే గొట్టాన్ని చెట్టుకు దూరంగా, గోడకు దూరంగా బయలులో పెట్టినారే, ఎందుకో ఇప్పుడు తెలిసిందా? ఒక వాన కొలిస్తే ఆ పొద్దు సంగతి తెలుస్తుంది, ముప్పై ఏండ్లు కొలిస్తే ఆ సీమ గుణం తెలుస్తుంది అని మీ అయివోరు చెప్తాంటాడు. ఆ లెక్కలు మీ అయివోర్నే అడగండి. నాకు తెలిసిన లెక్క ఇంకొకటుంది. ఏడు చేండ్లంటే ఎంత దూరం? ఈడ కూతేస్తే ఆడ వినపడుతుంది. అయినా నాది తప్పు, నాది తప్పు అని చెప్పుకుంటా తిప్పయ్య ఆ ఏడు చేండ్లు నడిచినాడే, కాశీకి పోయొచ్చినోళ్ళు గూడా అంత దూరం నడిచిండరు. నేనైతే రెండో చేనుకాడ్నుంచే తిరుక్కొని ఇంటికొచ్చేసుందును.