ఆ ఒడ్డు ఐసు

నది వంతెన మీద సరిహద్దు గేటు మూతబడి తొమ్మిది రోజులైంది. సిపాయి అటు తిరిగినప్పుడల్లా డొమినికన్ ఐసు వ్యాపారి ఊకలో చుట్టిన గడ్డల్ని గేటు కింద నుంచి తోస్తున్నాడు. అవతల హైతీ చేపలావిడ అందుకుంటోంది.

“చేపల బేరమే లేదుగా చెల్లెమ్మా, ఇంత ఐసు దేనికి?”

“మా నాన్న పోయాడన్నా. ఇవాళ తెల్లారకముందే.”

“అయ్యో! మీ ఒడ్డున కాలవ తవ్వుతుంటే రాళ్లు మోసిన పెద్దాయనేనా?”

“ఆయనే. ఆ కాలవతో నది నీళ్లు మళ్లిస్తున్నామని మీవాళ్లు గేటేసిన రోజే ఒట్టేసుకున్నాడు, ఆ ఒడ్డుది ఏదీ ముట్టనని. మా సంతలో మీ బియ్యం తప్ప ఏముంటుంది చెప్పు? అసలే జ్వరం మనిషి. పచ్చి మామిడికాయలు నమిలి పడుకునేవాడు.”

“ఇక్కడ మా తమ్ముడి వరి నేలకొరిగిపోతోంది. కోయడానికి మీవాళ్లు రాలేరాయె.”

“ఆ కోసేవాళ్లంతా మా వీధిలోనే ఉన్నారు, పస్తులతో.”

“మరి పెద్దాయన్ని ఇవాళే మట్టి చెయ్యకుండా ఈ ఐసెందుకమ్మా?”

“పూడ్చడానికి పెట్టె చెయ్యాలిగా. దానికి చెక్క కూడా మీ ఒడ్డు నుంచే రావాలి. గేటు తెరిచేదాకా ఉంచాలి.”

అతను ఆఖరి గడ్డ మీద చెయ్యి వేసి, తొయ్యకుండా ఆగిపోయాడు.

“అంత ఒట్టేసుకున్న మనిషిని మా ఐసు మీద పడుకోబెడతావా?”

“అరటాకులు కోసి పెట్టానన్నా. మధ్యలో పరుస్తాను. ఒంటికి తగలనివ్వను.”