గాజుల చేతి ఇంగ్లీషు

జనగామలో ఆవేళ తెలంగాణ బంద్. బస్సుల్లేవు, బడుల్లేవు, శ్రీశైలం పనిచేసే పురుగుమందుల కంపెనీ ఆఫీసుకూ తాళమే. కొత్త పెళ్లాం చేతి గోరింటాకు ఇంకా వెలవని ఆ మొగుడికి ఉద్యమం మీద ఎంత ప్రేమో, బంద్ మీద అంతకు పదింతలు. లోపల పొయ్యి దగ్గరున్న తల్లికి టమాటలు కోసిపెడతానని వంటింటి గడప ముందు చతికిలబడ్డాడు. పక్కనే ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని తేజస్విని.

"అయితే తీసేస్తున్న."

"ఏం తీసేస్తున్నవ్?"

"ఇంతసేపు ఏం విన్నవ్ మరి? నా ఇంగ్లీషు వీడియోలు. ఒకటి రెండు కాదు, మొత్తం చానలే తీసేస్తున్న. యూట్యూబుకు ఒక దండం."

"జర ఆగు తేజా. ఈ టమాట గిన్నెల ఎయ్యనియ్యి."

"టమాటకు, చానలుకు ఏం సంబంధం?"

"ఏం లేదు. ఆగుమంటున్న. ఎందుకు తీసుడు? పాపం, అదేమన్న గడ్డి అడుగుతున్నదా, నీళ్లడుగుతున్నదా?"

"ఇజ్జత్ అడుగుతున్నది. సకల జనుల సమ్మెల నేను పాఠాలు చెప్పే బడి బందైంది. పోరగాండ్లు సదువు మర్చిపోతరని దంతాలపల్లిల మా ఇంట్ల కూసోని చేసిన. మొఖం చూపెట్టాలంటే సిగ్గు. పలక, బలపం, గాజుల చెయ్యి, గంతే. దేశమంత ఎగబడి ఇంగ్లీషు నేర్చుకుంటదనుకున్న. దేశం రాలే. ఒక్కడొచ్చిండు."

"మీ బడి పోరగాండ్లు?"

"వాళ్ల ఇండ్లల్ల నెట్టుంటదా? గా సంగతి నాకు చానలు పెట్టినంక యాదికొచ్చింది."

"ఒక్కడన్న వచ్చిండు కద. ఒక్కడంటే... ఒక్కడంటే తక్కువా?"

"మధ్యల ఇంకొకాయన వచ్చిండులే. 'ముందు తెలుగు నేర్చుకుని తర్వాత ఇంగ్లీషు చెప్పమ్మా' అని రాసి పోయిండు. నేను వస్తలేదు, పోతలేదు అంటనని. 'ద బస్ ఈజ్ నాట్ కమింగ్, బస్సు వస్తలేదు' అంటే తప్పేముంది? సమ్మెల బస్సు నిజంగనే వస్తలేదు."

"వాని మాట ఇడిశిపెట్టు. వానికి గట్టిగనే పడ్డది కద."

"గట్టిగ పడ్డదని నీకెట్ల తెలుసు?"

"నాకేం తెలుసు? పడే ఉంటది అని."

"పడ్డది. ఆ ఒక్కడే కొట్లాట పెట్టుకున్నడు. భూపాలపల్లి టైగర్ అని పెట్టుకున్నడు పేరు. 'మేడం స్పీకింగ్ ఈజ్ అవర్ మదర్ స్పీకింగ్. యూ గో బ్యాక్ సార్.' గిది టైగరు రాసిన ఇంగ్లీషు. పిల్లికిచ్చినా ఇంతకన్న మంచిగ రాస్తది."

"ఉద్దేశం మంచిదే గద."

"ఉద్దేశం బంగారం. ఇగో, ఇంకోటి విను. 'యువర్ టీచింగ్ ఈజ్ గోయింగ్ ఇన్ మై హార్ట్ అండ్ నాట్ కమింగ్ అవుట్. వన్ మోర్ ఎగ్జాంపుల్ ప్లీజ్ మేడం.' ఏది రాసినా ఆఖరుకు గదే. వన్ మోర్ ప్లీజ్ మేడం. కూరగాయలు కొన్నంక కొసరు అడిగినట్టు."

"చదవకు ఇగ."

"ఎందుకు? చెవులెర్రబడ్డయేంది నీకు?"

"ఉల్లిగడ్డ కోసిన కద."

"కోసేది టమాట."

"టమాటకు గూడ అయితదట. కొందరికి."

"ఒకసారైతే ఊరే అడిగిండు. 'వాట్ ఈజ్ యువర్ విలేజ్ మేడం' అని. ఎంత ధైర్యం చూడు."

"అడిగితే తప్పా? చెప్పినవా మరి?"

"పెండ్లి కాని పిల్ల ఊరి పేరు ముక్కు మొఖం తెల్వనోనికి రాస్తదా? జవాబే ఇయ్యలే."

"ఓ పిలగా. ఆ టమాటలు కోసుడైతాందా, వాటికి పేర్లు పెడుతానవా?"

"అయితాంది అవ్వా. జరంత ఆగు."

"ఏం సదువుతాంది కోడలు?"

"నేను పెండ్లికి ముందుగాల చేసిన ఇంగ్లీషు వీడియోలత్తమ్మా."

"ఇంగ్లీషా? మావోడు గుడ సూసెటోడు బిడ్డా. మా ఊరు టేకుమట్లల, కింద సిగ్నలు దొరకదని గడ్డివామెక్కి కూసునేది. ఫోనుల బొమ్మ గుండ్రం తిరుగుడే తిరుగుడు. ఇగ ఈడు బస్సు, నాటు, కమింగు, బస్సు, నాటు, కమింగు అని ఒకటే గొణుగుడు. నాకు పరేషానై, గాలి సోకిందేమో అని నిమ్మకాయలు తిప్పి..."

"అవ్వా, పాలు పొంగుతున్నయ్ సూడు."

"పాలేడియిరా? పొయ్యి మీద ఉన్నది పప్పు."

"పప్పన్న పొంగుతది. జర సూడు పోయి."

"అత్తమ్మ పోయింది గని, గడ్డివాము మీద ఏం చూసినవ్?"

"క్రికెట్టు."

"క్రికెట్టుల బస్సు ఎందుకొచ్చింది?"

"రాలేదు కద. నాట్ కమింగ్."

"ఓ శ్రీశైలం సారూ. పెండ్లిచూపులల్ల, సంబంధం తెచ్చిన రాజమల్లు మామ ఏమన్నడు? పిలగాడు ఒకటో తరగతి కాంచి ఇంగ్లీషు మీడియం, తుమ్మినా ఇంగ్లీషులనే తుమ్ముతడు అన్నడు. మా బాపు ఆ మాట ఊరంత పంచిపెట్టిండు. నువ్వేం చేసినవ్? తలకాయ ఊపినవ్."

"మీ ఇంట్ల ఫ్యాను గాలి జర ఎక్కువుండె."

"సరే. ఇంగ్లీషు మీడియమాయన్నే అడుగుతున్న. తీసెయ్యనా? నువ్వు ఊ అంటే ఒత్తేస్త. టైగరు రాసినయి గూడ దాంతోనే పోతయ్."

"అన్నీ పోతయా?"

"ఒక్క ముక్క మిగలది. ఆ టైగరు ఎవడో, ఏం మీడియమో, ఇగ ఎవ్వరికీ తెల్వది. మంచిదే కద?"

"మంచిదే."

"మరి ఊ అను."

"ఊ..."

"ఒత్తుతున్న."

"ఊహూ. తియ్యకు."

"ఎందుకు?"

"తియ్యకుమన్న కద."

"గదే, ఎందుకు?"

"టైగర్‌ను నేనే. తెలుగు మీడియం. సర్కారు బడి. ఇంటర్‌ల ఇంగ్లీషు తప్పిన. మల్ల రాసిన, మల్ల తప్పిన. తర్వాత గడ్డివామెక్కిన. నీ గాజుల చెయ్యి పలక మీద రాసుకుంట పోతాంటే, అరే, గింతేనా ఇంగ్లీషంటే అనిపించింది. పాసైన. కంపెనీ ఇంటర్వ్యూల సారు ఇంగ్లీషుల అడుగుతుంటే, కండ్లు మూసుకొని నీ పలక యాది చేసుకొని చెప్పిన. కండ్లెందుకు మూసుకున్నవంటే దేవునికి మొక్కుతున్న సార్ అన్న. ఈ కొలువు, ఈ జనగామ, ఈ కిరాయిల్లు, ఈ టమాటలు, అన్నీ ఆడికెల్లి వచ్చినయే. నువ్వు చానలు తీస్తే నా బడి కూలగొట్టినట్టే తేజా. ఏమన్న అను. తిట్టన్న తిట్టు. మీ బాపుకు నేనే చెప్పుకుంట."

"మా బాపు సంగతి తర్వాత. మా ఊరెట్ల దొరికింది నీకు? చానలుకు నా పేరు గూడ పెట్టలే. గాజుల టీచర్ అని పెట్టిన."

"ఆ, గది అడుగు. గాడనే ఉన్నది నా తెలివంత."

"చెప్పు మరి, వింట."

"ఒక వీడియోల నువ్వు పాఠం చెప్తాంటే బయట మైకు ఆటో వినొస్తది. 'దంతాలపల్లి చౌరస్తల ఆదివారం వంటావార్పు, రోడ్డు మీదనే వండుడు, రోడ్డు మీదనే తినుడు, ఇంటికొక్కరు రావాలె' అని. దొరికిందిరా ఊరు అనుకున్న. ఆదివారం బండి తీసిన. టేకుమట్ల కాంచి మీ ఊరిదాక తొవ్వ పొడుగూత రాస్తారోకోలే. ఆపినకాడల్ల దిగి 'జై తెలంగాణ' అని ఒర్లితే పోనిచ్చిండ్రు. మీ చౌరస్తకు వచ్చేసరికి నా గొంతు పోయింది."

"మొఖం చూడనోనివి నన్నెట్ల గుర్తుపట్టినవ్?"

"నువ్వు వీడియోల ఏది చెప్పవోయినా ముందుగాల బలపంతోని పలకను టక్ టక్ అని రెండు దెబ్బలు కొడ్తవ్. ఆడ కిచిడీ బకీటు పట్టుకొని వరుసల వస్తున్నవ్. ప్రతి ఇస్తారి ముందట గంటెతోని బకీటును టక్ టక్. నా పానం పోయి వచ్చింది. అయినా ఒక్కసారికి నమ్మకం కుదరలే. మల్ల పెట్టిచ్చుకున్న. మల్ల పెట్టిచ్చుకున్న. ఇంటికి పోయేటప్పుడు బండి మీద వంగరాలే నాకు."

"తర్వాత?"

"తర్వాతేముంది, రాజమల్లు మామ కాళ్లు పట్టుకొని మీ ఇంటికి తోలిన. మీరంత సంబంధం ఆయన తెచ్చిండనుకున్నరు. తెచ్చింది నేను."

"అబ్బ. పోలీసోల్లకు గూడ ఉండదు గింత బుర్ర."

"మరేమనుకున్నవ్? ...గిదేంది, డాంగిల్ లైటు వెలుగుతలేదు?"

"పొద్దుగాల్నే బ్యాలెన్సు అయిపోయింది."

"నెట్టు లేదా? మరి చానలు ఎట్ల తీస్తవ్?"

"తీస్తనన్న గని, తియ్యొస్తదన్ననా?"

"ఆగు, ఆగు. నెట్టు లేకుంటే కామెంట్లు ఎట్ల చదివినవ్?"

"చదివిన్నా? నువ్వు నా దిక్కు చూస్తే కద, టమాటనే చూసుకుంట కూసున్నవ్. నోటికి చెప్పిన."

"నోటికా? ఎన్ని వస్తయ్?"

"నువ్వు ఎన్ని రాసినవో అన్ని."

"అంటే... ముందుగాల్నే తెలుసా నీకు? ఎప్పటికెల్లి?"

"దంతాలపల్లి చౌరస్తల ఇస్తారి ముందటేసుకొని, 'వన్ మోర్ ప్లీజ్ మేడం' అని కిచిడీ అడిగెటోడు ఇంకెవడుంటడు?"

"అన్ననా? ఇంగ్లీషులనా?"

"పోయిన గొంతుతోని. ఇంట్లకు పోయి మా అవ్వకు చెప్పుకుంట నవ్విన. ఆ నవ్వుడు చూసే మా బాపుకు అనుమానమొచ్చింది."

"సరే, నా ఇజ్జత్ మొత్తం పోయింది. గని ఒక్కటి ఒప్పుకో. ఊరు కనుక్కున్నది మాత్రం నా తెలివే."

"ఒప్పుకుంట. ఆ మైకు వీడియో ఎప్పుడొచ్చింది?"

"నేను నీ ఊరి పేరు అడిగినంక. దాని ఎనకనే వచ్చింది."

"మైకు ఎంతసేపు వినొస్తది దాంట్ల?"

"పాఠం అయిపోయేదాక. చెప్పిందే చెప్తది."

"ఊరు తిరిగే ఆటో ఒక్కకాడ అంతసేపు ఎందుకు నిలబడ్డట్టు?"

"ఖరాబైందేమో... కాదా?"

"ఆటోల మైకు పట్టుకున్నది మా సురేందరన్న. దాన్ని మా కిటికీ కింద ఆపిచ్చి, 'అన్నా, ఊరి పేరు జర గట్టిగ చెప్పు, ఒకాయన అడిగిండు' అన్నది నేను."